అక్షరానికి ఇరవై

బోర్డులు రాసేవాణ్ణి నేను.
అక్షరానికి ఇరవై.
ఒత్తులకు డబ్బులడగను.

ఇరవయ్యెనిమిదేళ్ళ కిందట
మా బడి గోడ మీద జాజుతో రాసినా:
'సారాయి మానుదాం, సంసారం నిలుపుకుందాం.'
కూలి ఇచ్చింది ఆబ్కారోళ్ళు.
ఆ పొద్దే వంక మలుపులో
ఓబక్క కుండలు పగలగొట్టిందీ వాళ్ళే.
బెల్లం ఊట ఇసకలో పారితే
మేకలు తాగి రెండ్రోజులు లేవలే.
ఊరంతా నవ్వినాం.
ఓబక్క మాత్రం పెంకులు ఏరుకుంటా,
ఒక్కొక్కటే కొంగులో వేసుకుంటా.

అప్పట్నుంచి అది కుండల మలుపు.
యాడ దిగాలప్పా? కుండల మలుపు కాడ.
పాము యాడ కనపడింది? కుండల మలుపు కాడ.
మ్యాపులో లేదు, రెవెన్యూ కాయితాల్లో లేదు,
కళ్యాణదుర్గం బస్సు కండక్టరు నోట్లో ఉండాది.

మలుపు అవతల బుడ్డల చేను ఉన్నచోట
ఇప్పుడు అద్దాల షెడ్డు, లోపల రాగి బాన,
దానికి కొంగమెడ మాదిరి గొట్టం.
సీతాఫలంతో తీసింది ఒకటి, నేరేడుతో ఒకటి,
జొన్నలతో కాచి పీపాలో మాగబెట్టింది ఇంకొకటి.
దాని పేరు 'కరువు'.
సీసా నాలుగు వేల రెండొందలు.
మీద నెర్రెలిచ్చిన నేల బొమ్మ, బంగారు గీతల్తో.
ఆ పేరు గోడ మీద నేను రాస్తాండగా
వెనకనుంచి ఎవరో పిల్లోడు
"అన్నా, ఇంకో కరువు" అని అడిగినాడు.
'రు' కొమ్ములో చిన్న వణుకు ఉంటాది, చూడండి.

అబద్ధమెందుకు, మంచి కూడా జరిగింది.
గంప అరవైకి పోయే సీతాఫలం మూడొందలైంది.
బడికి రేకులు పోయి మిద్దె పడింది.
తిప్పేస్వామి కొడుకు బెంగుళూరు సిమెంటు పని ఇడిచిపెట్టి
నడుముకు తోలుగుడ్డ కట్టుకుని
"ముందు వాసన చూడండి సార్" అంటాడు.
తిప్పేస్వామి పోయింది ఆ వాసనతోనే.
పిల్లోడికి తెలుసు. తెలిసే నవ్వుతాడు.
జీతంలో నవ్వు కూడా ఉండాది.

ఊరు మాత్రం రవ్వంత పక్కకు జరిగినట్టుంది.
శని, ఆదివారాలు కార్లకు దారిచ్చి
గొర్రెలు గుట్ట చుట్టూ తిరిగిపోతాయి.
పీర్ల గుట్ట సన్‌సెట్ పాయింట్ అయింది.
మా సూరీడు ఎప్పుడూ అక్కడే గుంకేవాడు,
ఎవురూ చప్పట్లు కొట్టలే.
నిన్న ఎవరో దారడిగితే నా నోట్లోనే వచ్చింది:
"సన్‌సెట్ దాటినాక ఎడమకు."

పోయిన నెల మేనేజరమ్మ పిలిపించింది.
కుండల కత ఎవరో చెప్పినారంట.
'వారసత్వం' అనింది, రెండుసార్లు.
మలుపులో రాతిపలక పెట్టాల, నేను రాయాల.
ఓబక్కకు జీపు పంపినారు.
జీపు చూసి గడప దాటలే ముసిల్ది,
ఆ పొద్దు అనంతపురం జైలుకు తీసుకపోయిందీ జీపే కదా.
మనవరాలు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది.

చిన్న గ్లాసులో రెండేళ్ళంత పోసిచ్చినారు.
ఓబక్క వాసన చూళ్ళే.
చిటికెనవేలు ముంచి భూమికి ఒక చుక్క ఇదిలించింది,
తర్వాత నాలిక మీద ఒక చుక్క.
చాలాసేపు.
గుట్ట మీద గాలిమరలు తిరుగుతాండాయి.
"బాగనే కాచినారు," అనింది.
"నీళ్ళే మనవి కాదు."

ట్యాంకరు ఓబులేసు నేల చూసినాడు.
వంక ఎండి తొమ్మిదేళ్ళు.
నీళ్ళొచ్చేది యాడో దూరాన కాలవనుంచి,
మబ్బులో, లైట్లు వేయకుండా.
గేటు మీదేమో 'ఈ మట్టి రుచి'.
ఐదక్షరాలు, నూరు రూపాయలు, నేను రాసిందే.

మేనేజరమ్మ కాయితంలో 'కొన్ని కుండలు' అని ఉండాది.
ఓబక్క నా మోచెయ్యి పట్టుకుని
"పదకొండు" అనింది.
పదకొండు అనే రాసినా.

బడి గోడ మీద రాసిందెవరని
ఆమె అడగలే, నేను చెప్పలే.
సున్నం కింద ఆ జాజు ఇంకా ఉండాది.
వాన పడితే కొంచెం పైకి తేల్తాది.
వాన పడితే.